రెగ్యులేటర్ ఉండాల్సిన చోట

హుమ్నాబాద్,
9 జూన్ 2024

చెల్లె విద్యకు,

ఇక్కడ హైవే పక్కన ఒక లారీ టైర్ల దుకాణంలో పనికి కుదిరాను. వెనక ఒక గది ఇచ్చారు. మీ వదిన, పాప నాతోనే ఉన్నారు. ఫోన్ కట్టేసి పెట్టెలో పడేశాను, అందుకే నీకు కలవడం లేదు. నీ మీద కోపం వచ్చి కాదు. ఫోన్లో విన్నది చెవిలోనే పోతుంది. కాగితం మీదయితే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. నువ్వు కూడా రాసే పంపు.

నిన్ను ఒక్క సంగతి అడగాలి. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తాను, ఎక్కడ తప్పయితే అక్కడ దిద్దు.

సంతపూర్ పీరప్ప ఫిబ్రవరిలో బీదర్‌లో మన రిపేరు దుకాణానికి వచ్చాడు. ఇంట్లో కూర్చుని రిమోట్ నొక్కితే పొలంలో బావి మోటార్ నడిచేలా డబ్బా కావాలన్నాడు. అలాంటివి అప్పటికే ఇరవై దాకా చేసి ఇచ్చాం. లోపల ఉండే వైర్‌లెస్ మాడ్యూల్ బొటనవేలి గోరంత. దానికి మూడు పాయింట్ మూడు వోల్టులే ఇవ్వాలి. మన అడాప్టర్ ఐదు ఇస్తుంది. అందుకని మధ్యలో రెగ్యులేటర్ పెట్టి దించుతాం. పీరప్ప డబ్బాలో ఆ రెగ్యులేటర్ నేనే పెట్టాను. దాని మూడు కాళ్ళకూ టంకం వేసింది, పొగ కళ్ళలోకి పోతే నువ్వు ఫ్యాను ఇటు తిప్పింది కూడా గుర్తుంది. మీటరు పెడితే మూడు పాయింట్ మూడు చూపించింది. మరునాడు సామాను కొనడానికి హైదరాబాద్ పోయాను. నేను లేనప్పుడు పీరప్ప వచ్చి డబ్బా తీసుకుపోయాడు.

ఏప్రిల్లో ఆ ఘోరం జరిగింది. పీరప్ప బావి దగ్గర మోటార్‌ను పంపుకు కలిపే కప్లింగులో చెయ్యి పెట్టి బోల్టు బిగిస్తున్నాడు. రిమోట్ ఇంట్లో గూట్లో ఉంది, ఎవరూ ముట్టలేదు. మోటార్ దానంతటదే మొదలైంది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

తెల్లారి నేను పోయి డబ్బా విప్పాను. మాడ్యూల్ నల్లగా కాలింది. కాలి, ఆర్డరిచ్చే పిన్ను ఆన్‌లోనే బిగుసుకుపోయింది. రెగ్యులేటర్ ఉండాల్సిన చోట రెగ్యులేటర్ లేదు. ఒక వైరు ముక్క ఉంది. ఐదు వోల్టులూ తిన్నగా మాడ్యూల్‌కే పోయాయి.

ఆ వైరు ఎవరు పెట్టారు విద్యా? నేను హైదరాబాద్‌లో ఉన్న రెండు రోజుల్లో ఆ డబ్బా ఎవరైనా ముట్టారా? దుకాణంలో ఉన్నది నువ్వొక్కదానివే. ఉన్నది ఉన్నట్టు రాయి. ఎందుకు అడుగుతున్నానో తరవాత చెబుతాను.

నీ అన్న,
శ్రీశైల్

*

బీదర్,
17 జూన్ 2024

శ్రీశైల్ అన్నకు,

నీ చేతిరాత చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నెల రోజులు ఎక్కడున్నావో తెలియక అందరం పరేషాన్ అయ్యాం. ఇలా ఎవరికీ చెప్పకుండా పోతారా?

దుకాణం రోజూ తీస్తున్నాను. చౌబారా బురుజు వైపు రోడ్డు తవ్వి పెట్టారు, దుమ్ముకి మధ్యాహ్నం షట్టర్ సగం దించుకుని కూర్చుంటున్నాను. మిక్సీలు, ఫ్యాన్లు వస్తున్నాయి. రిమోట్ డబ్బాలు మానేశాను. పీరప్ప దవాఖాన నుంచి ఇంటికి చేరాడట. పోలీసుల దగ్గరకు పోలేదు, పోడు కూడా. శ్రీశైల్ కావాలని చేసింది కాదు, వచ్చి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు కదా అంటున్నాడట. ఊళ్ళో కూడా ఎవరూ నిన్ను ఏమీ అనడం లేదు. నువ్వే దూరంగా కూర్చుని ఏవేవో ఊహించుకుంటున్నావు.

నువ్వడిగిన సంగతి. డబ్బా ఎవరూ ముట్టలేదన్నా. నువ్వు ఎలా పెట్టి పోయావో అలాగే పీరప్పకు ఇచ్చాను. ఆ వారమంతా ఒకటే హడావిడి, ఒక డబ్బాకు చేసింది ఇంకో డబ్బాకు చేశాననుకుని ఉంటావు. అలా ఎవరికైనా జరుగుతుంది. తవ్వి తవ్వి ఏం లాభం? ఇంటికి వచ్చెయ్యి.

వదినను, పాపను అడిగానని చెప్పు.

చెల్లె,
విద్య

*

హుమ్నాబాద్,
2 జూలై 2024

విద్యకు,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. నాకు కావలసిన జవాబు దొరికింది, కాబట్టి ఎందుకు అడిగానో చెబుతాను.

మా బాపుకు జబ్బు ఎలా మొదలైందో నీకు తెలియదు, అప్పటికి నువ్వు జహీరాబాద్‌లో చదువుతున్నావు. మా బాపు, అదే నీ పెద్దబాపు భీమప్ప అంటే బీదర్‌లో రేడియో భీమప్పనే కదా. ఒకరోజు ఒక సెట్టు రిపేరు చేసి ఇచ్చాడు. అది తీసుకుపోయిన మనిషి గంటలో తిరిగొచ్చాడు, వెనక పలక ఊడిపోయిందని. బాపు ఒప్పుకోలేదు. నాలుగు స్క్రూలూ నేనే బిగించానని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ నాలుగు స్క్రూలూ ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పలేదు విద్యా. బిగించినట్టు ఆయనకు నిజంగానే గుర్తుంది. అప్పుడాయనకు నలభై ఎనిమిది. ఆరేళ్ళు పోయాక నన్ను పట్టుకుని ఎవరి పిల్లగానివి అని అడిగాడు.

నాకిప్పుడు నలభై మూడు. రెగ్యులేటర్ పెట్టినట్టు, మీటరు చూసినట్టు నాకు కూడా నిజంగానే గుర్తుంది. నువ్వు ఎవరూ ముట్టలేదంటున్నావు. అంటే ఆ వైరు ముక్క నేనే పెట్టాను. టంకం కూడా నా చేతి టంకంలాగే ఉంది.

మీ వదిన శివాని కొట్టిపారేస్తుంది. నీ బుర్రకేం కాలేదంటుంది. పక్కనే ఉండే మనిషికి కనబడదు. మా అమ్మకు కూడా చివరిదాకా కనబడలేదు.

టంకం కడ్డీ మళ్ళీ పట్టను. టైర్లకు గాలి కొట్టే పని ఇచ్చారు. గేజీలో ముల్లు చూస్తే చాలు, గుర్తు పెట్టుకోవలసింది లేదు.

శ్రీశైల్

*

బీదర్,
11 జూలై 2024

అన్నా,

నువ్వు రాసింది చదివాను. నీకే జబ్బూ లేదు. ఒక్క పొరపాటు పట్టుకుని అలా అనుకుంటారా? దయచేసి ఎవరైనా పెద్ద డాక్టరుకు చూపించుకో, బీదర్ వస్తానంటే నేనే తోడొస్తాను. వదినకు చెప్పు, నిన్ను ఒక్కణ్ణి వదలవద్దని. లేకపోతే నేనే వచ్చి మాట్లాడతాను. నువ్వు రమ్మంటే రేపే వస్తాను.

ఇంకా ఏదో రాయాలని కూర్చున్నాను, ఇక్కడికే ఆపుతున్నాను.

విద్య

*

హుమ్నాబాద్,
25 ఆగస్టు 2024

విద్యకు,

జవాబు ఆలస్యమైంది. నువ్వు రావద్దు.

డాక్టరు దగ్గరకు పోయాను. వందలోంచి ఏడు తీసెయ్, మళ్ళీ ఏడు తీసెయ్ అని అడిగాడు. గడియారం బొమ్మ గీయించాడు. ఇప్పుడైతే ఏమీ కనబడడం లేదు, ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు. బాపుకు కూడా మొదటిసారి అదే మాట చెప్పారు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. గ్యాసు కట్టేశాను, రాసుకుంటాను. తాళం వేశాను, రాసుకుంటాను. రాసుకున్నాక కూడా పోయి చూసి వస్తాను. పాపను బండి మీద ఎక్కించుకోవడం మానేశాను. ఎక్కడైనా దించి మరిచి వస్తానేమోనని భయం. ఒకరోజు పాప బిస్కెట్టు అడిగితే ఇందాకే ఇచ్చానా అని శివానిని అడిగాను. ఇవ్వలేదంది. ఆమె ముఖం చూసి, ఇచ్చినా ఇవ్వలేదంటుందని అనుకున్నాను. అలా అయిపోయింది నా బతుకు.

శివానిని, పాపను కమఠాణలో వాళ్ళ అమ్మ ఇంటికి పంపేశాను. రెండు వారాలు మొండికేసింది. నేనే పెట్టె సర్ది బస్సులో పెట్టి వచ్చాను. బాపు పక్క తడుపుకుంటే నేను మార్చేవాణ్ణి, నీకు తెలుసు. నా బిడ్డకు ఆ పని వద్దు. మూడేళ్ళ పిల్ల, నన్ను ఇప్పుడే మరిచిపోతుంది. అది మంచిదే.

చొక్కా జేబులో పేరు, ఊరు, నీ ఫోన్ నంబరు రాసి పెట్టుకున్నాను. ఎవరైనా నీకు ఫోన్ చేస్తే భయపడకు.

శ్రీశైల్

*

బీదర్,
4 సెప్టెంబర్ 2024

అన్నా,

ఈ ఉత్తరం జూన్‌లో రాయాల్సింది. కూర్చుని చదువు. చివరిదాకా చదువు.

నువ్వు రెగ్యులేటర్ పెట్టావు. నేను ఫ్యాను తిప్పింది నిజం. మీటరు మూడు పాయింట్ మూడు చూపించింది, నేను కూడా చూశాను. నీకు గుర్తున్నదంతా నిజం. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

నువ్వు హైదరాబాద్ పోయిన రోజు మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. మనం అంతకుముందు ఇచ్చిన డబ్బా పట్టుకొచ్చాడు. అందులో రెగ్యులేటర్ పోయింది. పొలంలో అల్లం ఎండిపోతోంది, మోటార్ దగ్గరకు పోవడానికి ఇంట్లో మనిషి లేడు, ఇప్పుడే బాగు చేసి ఇవ్వమని బల్ల ముందు నిలబడ్డాడు. మన దగ్గర ఒక్క రెగ్యులేటర్ కూడా లేదు. నువ్వు పోయిందే అవి తేవడానికి కదా. పీరప్ప డబ్బా మూత తీసి అందులో ఉన్నది ఊడదీసి ఆయనకు వేసి పంపాను. నువ్వు రాగానే పీరప్ప డబ్బాలో కొత్తది పెట్టొచ్చు అనుకున్నాను.

పీరప్ప తెల్లారే వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. సాయంత్రం దాకా ఆగమని అడగలేకపోయాను. ఖాళీ చోట వైరు ముక్క వేసి అతికించాను. ఐదు వోల్టులు ఎక్కువని నాకు తెలుసు, నువ్వే నేర్పావు. అయినా బల్ల మీద గంటసేపు నడిపి చూశాను, నడిచింది. వేలు పెడితే వెచ్చగా ఉంది, అంతే. రెండు రోజుల్లో మేమే వచ్చి ఒకసారి చూస్తామని చెప్పి పంపాను.

సాయంత్రం నువ్వు జ్వరంతో వచ్చావు. నిన్ను ఇంటికి పంపే హడావిడిలో చెప్పలేదు. తెల్లారి కొత్త సామాను సర్దడం, పాత పనులు. ఆ వైరు సంగతి పూర్తిగా నా మనసులోంచి పోయింది. మరిచిపోయింది నువ్వు కాదన్నా. నేను. ఏప్రిల్లో దవాఖాన నుంచి ఫోన్ వచ్చేదాకా నాకు గుర్తే లేదు.

దవాఖానలో నువ్వు పీరప్ప కాళ్ళ దగ్గర కూర్చుని తప్పు నాదే అన్నావు. అప్పుడు నేను వరండాలో చాయ్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. లోపలికి వచ్చి చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. నువ్వు పెద్దవాడివి, అందరికీ తెలిసినవాడివి, నిన్నెవరూ ఏమీ అనరు అనుకున్నాను. నేను చేశానని తెలిస్తే ఇక నా చేతికి ఎవరూ ఒక ఫ్యాను కూడా ఇవ్వరని భయపడ్డాను. నువ్వు జూన్‌లో అడిగినప్పుడు కూడా అదే భయంతో లేదని రాశాను. జూలైలో నువ్వు పెద్దబాపు సంగతి రాశాక భయం ఇంకా పెరిగింది. అప్పటికే ఒక అబద్ధం రాసి ఉన్నాను కదా.

వదినను పంపేశావని చదివాక ఇక ఆగలేకపోయాను. ఈ ఉత్తరం వదినకు చూపించు. నీ బుర్ర బాగుంది. పాడయింది నా బుద్ధి.

నన్ను ఏమైనా అను. ఏదో ఒకటి రాయి.

విద్య

*

హుమ్నాబాద్,
30 అక్టోబర్ 2024

విద్యకు,

నీ ఉత్తరం వచ్చి యాభై రోజులు దాటింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

చదివిన రోజు మొదట సంతోషమే వచ్చింది. దాచడమెందుకు? టైర్ల మధ్య కూర్చుని పెద్దగా నవ్వానట, మా సేటు వచ్చి ఏమైందని అడిగాడు. చిన్న పుస్తకం చించేశాను. ఆ రాత్రి అన్నం రుచి తెలిసింది.

తెల్లారేసరికి ఆ సంతోషం లేదు. నాకు మందు రాసిచ్చినట్టు రాశావు, ఎవరూ ముట్టలేదని. ఆ ఒక్క మాట పట్టుకుని నా కళ్ళను, నా చేతులను, నా పెళ్ళాం మాటను కూడా నమ్మడం మానేశాను. పీరప్ప చెయ్యి పోవడం నీ పొరపాటు. పొరపాటు నా చేతిలో కూడా జరగొచ్చు, దాని మీద నాకు కోపం లేదు. నేను పిచ్చివాణ్ణి అవుతున్నానని నీకు రాస్తుంటే చదివి మడిచి పెట్టుకున్నావు. దాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. సెప్టెంబర్ దాకా ఆగావు. శివాని పోయేదాకా ఆగావు.

నాకు క్షమాపణ అక్కర్లేదు. సంతపూర్ పో. పీరప్పకు నీ నోటితో చెప్పు. ఆయన నా మీద దయ చూపించి పోలీసుల దగ్గరకు పోలేదు. ఆ దయ ఎవరి మీద చూపించాడో ఆయనకు తెలియాలి. చెప్పాక నాకు రాయి. చెప్పకపోతే రాయకు.

శ్రీశైల్

*

బీదర్,
19 నవంబర్ 2024

అన్నా,

నిన్న సంతపూర్ పోయి వచ్చాను.

కందిచేను పక్కనుంచి నడిచి పోయాను. పీరప్ప వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో వెల్లుల్లి పాయలు విడదీస్తున్నాడు. ఆయన భార్య గుండమ్మ నన్ను గుర్తుపట్టి నీళ్ళిచ్చింది. నువ్వెలా ఉన్నావని ముందు వాళ్ళే అడిగారు. అది విన్నాక నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టాను. చెప్పాను. రెగ్యులేటర్, వైరు ముక్క, బల్ల మీద గంట నడిపింది, వరండాలో నిలబడింది, నీకు రాసిన అబద్ధం, అన్నీ చెప్పాను.

పీరప్ప చేతిలోని వెల్లుల్లి పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా అడిగాడు.

“వైరు ఏసేటప్పుడు నీకెరుకేనా, ఇట్లయితదని?”

“మాడ్యూల్ కాలిపోతదని ఎరుకే. మోటార్ సురువైతదని ఎరుక లేదు.”

“కాలిపోతదని ఎరుకైతే నాకెందుకు చెప్పలే? మెయిన్ స్విచ్చి తీసి చెయ్యి పెడుతుంటి.”

 ఈ ఏడు నెలల్లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వైరు వేయడమే తప్పనుకున్నాను. ఒక మాట చెప్పి పంపి ఉంటే ఆయన చెయ్యి ఉండేది.

“శ్రీశైల్ నా కాళ్ళకాడ కూసొని ఏడ్సిండు,” అన్నాడు. “ఆయనను జూసి నేను ఊకున్న. నిన్ను జూసి కాదు.”

పోలీసులకు ఇవ్వాలనుకుంటే ఇవ్వమన్నాను. జరిగిందంతా కన్నడంలో రాసి, సంతకం పెట్టి వెంట తీసుకుపోయాను. గుండమ్మ తీసుకుని దేవుని గూట్లో పటం వెనక పెట్టింది. ఇస్తారో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. లేచి వస్తుంటే ఆమె గడప దాకా వచ్చింది.

“మల్ల రాకమ్మా,” అంది. “నువ్వొస్తే ఆయన అదంత మల్ల యాద్ జేసుకుంటడు.”

దుకాణం ముందు, రిమోట్ డబ్బాలు తీసుకున్నవాళ్ళు తెచ్చి ఒకసారి చూపించుకోవాలని కాగితం అంటించాను. ఎందుకని అడిగినవాళ్ళకు నేను చేసింది చెబుతున్నాను. పదిహేడు వచ్చాయి. అన్నింట్లో నువ్వు పెట్టిన రెగ్యులేటర్లు ఉన్నాయి, అన్నీ మూడు పాయింట్ మూడు చూపిస్తున్నాయి. కొందరు డబ్బా తీసుకుపోయారు, కొందరు ఇక వద్దని వదిలేసి పోయారు. మిక్సీలు రావడం తగ్గింది.

వదిన దగ్గరకు పోయావా? నేను కమఠాణ పోయి చెప్పనా? అడగడానికి కూడా నాకు ముఖం లేదు.

విద్య

*

హుమ్నాబాద్,
8 డిసెంబర్ 2024

విద్యకు,

సంతపూర్ పోయి చెప్పావు. మంచి పని చేశావు. అంతకంటే రాయడానికి నాకు మనసు రావడం లేదు, కొన్నాళ్ళు ఇలాగే ఉండనీ.

కమఠాణకు నువ్వు పోవద్దు. నేను మొన్న ఆదివారం పోయి వచ్చాను. నీ సెప్టెంబర్ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయాను. అది చూపిస్తే చాలు, పెట్టె సర్దుకుని వస్తుందనుకున్నాను. దారిలో బస్టాండులో పాపకు గాజులు కూడా కొన్నాను.

శివాని, వాళ్ళ అమ్మ పొలానికి పోయిందని చెప్పి కుర్చీ వేసింది. పాప లోపల నిద్రపోతోంది. శివాని మనిషి చిక్కింది. ఊళ్ళో అంగన్‌వాడీలో వంటకు పోతోందట, చేతికి నూనె పడి కాలిన మచ్చ ఉంది. శివానికి తెలుగు చదవడం రాదు కదా, నేనే మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను.  చదవడం అయ్యాక, చూశావా, నాకేం జబ్బు లేదు, అన్నాను. ఆ మాట అంటుంటే నాకే కన్నీళ్ళు వచ్చాయి. ఆమె కూడా ఏడుస్తుందనుకున్నాను.

ఆమె ఏడవలేదు. నా చేతిలో కాగితం వైపు చూస్తూ అంది.

“నీకేం కాలేదని నేను ఎన్ని దినాలు చెప్పిన?”

నేను కాగితం మడిచాను.

“పొద్దున చెప్పిన, మాపున చెప్పిన. గ్యాసు కట్టేసినవ్ అని చెప్పిన, తాళమేసినవ్ అని చెప్పిన. పక్కల పండుకునేదాన్ని, నాకెరుక లేదా? విద్య లేదని రాస్తే లేదన్నవ్. ఇప్పుడు ఉందని రాస్తే ఉందంటున్నవ్. నా మాటకు కిమ్మతు లేదా?”

అది నీ అబద్ధం వల్ల వచ్చిందని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. నువ్వు రాసింది ఒక్క ఉత్తరం. ఆమె చెప్పింది మూడు నెలలు. ఎవరిని నమ్మాలో ఎంచుకుంది నేనే.

బస్సులో పెట్టె పెట్టి దిగిపోతుంటే ఆ రోజు పాప నన్ను పిలిచిందట. నేను వెనక్కి చూడలేదట. పాప దారి పొడుగునా బాపు ఎందుకు చూడలేదని అడిగిందట. అది చెప్పి ఇక ఆపింది. రొట్టె, పుండికూర పెట్టింది. తిన్నాను.

రమ్మని అడిగాను. పాపకు ఇక్కడ అలవాటైందంది. నేనే ఇక్కడికి వచ్చి ఉంటానన్నాను. వద్దంది, కొంచెం ఆలోచించి కాదు, వెంటనే.

లేచి లోపలికి పోయి పాపను చూశాను. గోడ వైపు తిరిగి పడుకుంది, జుట్టు కత్తిరించారు. గాజులు పక్కన పెట్టాను. లేపుదామని వంగితే శివాని వెనక నుంచి మెల్లగా, లేపకు అంది. లేస్తే నీ వెంట వస్తానని ఏడుస్తది, దాన్ని ఊకుంచుడు నాతోని గాదు, పాప లేవకముందే పో అంది.

వచ్చేశాను.

శ్రీశైల్